ముందు బెర్తు చూడండి, తర్వాత పర్సెంటేజీ అడగండి: ఎక్స్‌పెడైట్ టీమ్ డ్రైవింగ్‌కి నా రివ్యూ

ఒహాయోలో ఒక చిన్న ఫ్లీట్ ఓనర్ దగ్గర నేనూ మా ఆయనా టీమ్ డ్రైవర్లం. ట్రక్కు ఓనర్‌ది, లోడ్లు ఇచ్చేది ఒక పెద్ద ఎక్స్‌పెడైట్ క్యారియర్ (సరుకు రవాణా కంపెనీ), తోలేది మేము. పేర్లు రాయను. మెచ్చుకునేవి ఎన్ని ఉన్నాయో తిట్టుకునేవీ అన్నే ఉన్నాయి, పైగా ఇంకా అక్కడే పనిచేస్తున్నాం. ఐదుకి మూడున్నర ఇస్తాను. మావాళ్లలో చాలామంది "ఎలా ఉంది వదినా, మేమూ దిగొచ్చా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే ఓపిక లేక రాస్తున్నాను.

ఎక్స్‌పెడైట్ అంటే అర్జంటు సరుకు. మిషిగన్‌లో ఒక కార్ల ఫ్యాక్టరీకి ఏదో బ్రాకెట్ తక్కువైందనుకోండి. అది లేక లైన్ ఆగితే వాళ్లకి గంటకయ్యే నష్టం ముందు ట్రక్కు కిరాయి ఒక లెక్కే కాదు. అందుకని రెండు ప్యాలెట్లకి కూడా మొత్తం ట్రక్కు మాట్లాడుకుంటారు, దారిలో ఇంకెవరి సరుకూ ఎక్కించకుండా తిన్నగా తెచ్చి దింపమంటారు. మెక్సికో నుంచి వచ్చిన పార్టులు లరేడోలో శుక్రవారం సాయంత్రం ఎక్కించారంటే, అక్కణ్ణుంచి డెట్రాయిట్ దాదాపు 1,600 మైళ్లు. ఒక్క డ్రైవరైతే 11 గంటలు నడిపాక చట్టప్రకారం 10 గంటలు ఆగాలి. ఇద్దరుంటే ఒకరు నడుపుతారు, ఒకరు వెనక బెర్తులో పడుకుంటారు. బండి డీజిలుకీ బాత్రూముకీ తప్ప ఆగదు. ఆదివారం పొద్దున్నకి సరుకు ఫ్యాక్టరీ డాక్ దగ్గర ఉంటుంది. టీమ్‌లకి గిరాకీ అందుకే. విమానాల విడిభాగాలు, ఆసుపత్రి యంత్రాలు, ఎగ్జిబిషన్ స్టాళ్ల సామాను కూడా ఇలాగే వెళ్తాయి.

ఈ వ్యాపారానికి పుట్టిల్లు ఒహాయో, మిషిగన్ చుట్టుపక్కలే. ఇప్పటి ఫెడెక్స్ కస్టమ్ క్రిటికల్ ఒకప్పుడు ఆక్రన్‌లోని రాబర్ట్స్ ఎక్స్‌ప్రెస్. పాంథర్ ఉండేది మెడీనాలో, 2012 నుంచి అది ఆర్క్‌బెస్ట్ వాళ్లది. లోడ్ వన్ డెట్రాయిట్ పక్కన టేలర్‌లో ఉంది. ఇలాంటి క్యారియర్ల కింద తిరిగే ట్రక్కుల్లో చాలావరకు బయటి ఓనర్లవే. ఆ ఓనర్లలో కొందరు నాలుగైదు ట్రక్కులు కొని, నడపడానికి మాలాంటి టీమ్‌లని పెట్టుకుంటారు. ట్రక్కు కొనకుండా ఇందులో దిగాలంటే దారి ఇదే. మొదటి రోజే అప్పు చేసి సొంత ట్రక్కు కొనమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది కనిపిస్తారు, వాళ్లలో సగం మంది దగ్గర అమ్మడానికి ఒక ట్రక్కు రెడీగా ఉంటుంది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. హెచ్1 మీద ఉన్నవాళ్లు ఇది చేయకూడదు. ఆ వీసా స్పాన్సర్ చేసిన కంపెనీలో ఉద్యోగానికే. లేఆఫ్ టెన్షన్‌లో ఉన్న పిల్లలు ఖాళీగా ఉన్నన్నాళ్లు ట్రక్కు నడుపుతామంటే నేను వద్దనే చెప్తాను. మేమిద్దరం సిటిజన్లం, పిల్లలు కాలేజీకి వెళ్లిపోయారు, మా ఆయనకి గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక నిలబడీ నిలబడీ విసుగొచ్చింది. అప్పుడు దిగాం.

లైసెన్సు సంగతి త్వరగా ముగిస్తాను, అది అందరూ అనుకునేంత కష్టం కాదు. మాది స్ట్రెయిట్ ట్రక్కు, అంటే క్యాబిన్, సరుకు పెట్టె ఒకే చాసిస్ మీద ఉంటాయి, వెనక ట్రైలర్ ఉండదు. బరువు రేటింగ్ 33,000 పౌండ్లు. 26,001 పౌండ్లు, ఆపైన రేటింగ్ ఉన్న ఇలాంటి బండికి క్లాస్ బి సీడీఎల్ (పెద్ద బండ్లు నడిపే కమర్షియల్ లైసెన్సు) చాలు. 2022 ఫిబ్రవరి నుంచి కొత్తవాళ్లు ఫెడరల్ రిజిస్ట్రీలో పేరున్న స్కూల్లోనే శిక్షణ తీసుకోవాలి, కాబట్టి చేరే ముందు స్కూలు పేరు ఆ రిజిస్ట్రీలో వెతకండి. లెర్నర్ పర్మిట్ వచ్చాక 14 రోజులు గడిస్తేగానీ టెస్టు పెట్టరు. నేను ఎక్కువ భయపడింది ఎయిర్ బ్రేక్ పరీక్షకి. అది వరస తప్పకుండా అప్పజెప్పాలి, చిన్నప్పటి ఎక్కాలు కాపాడాయనుకోండి. మెడికల్ కార్డు, అంటే నడపడానికి ఆరోగ్యం సరిపోతుందనే సర్టిఫికెట్ దగ్గర మన వయసువాళ్లకి బీపీ అడ్డొస్తుంది. 140/90 లోపు ఉంటేనే రెండేళ్ల కార్డు. షుగరుకి మాత్రలు వాడేవాళ్లు కంగారు పడక్కర్లేదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి కూడా 2018 నుంచి దారి ఉంది, మీ డాక్టరు ఒక ఫారం నింపాలి. హజ్‌మాట్ ఎండార్స్‌మెంట్, అంటే ప్రమాదకర సరుకు తోలడానికి లైసెన్సు మీద వేసే అదనపు అనుమతి మాత్రం ఇద్దరూ తీసుకోండి. వేలిముద్రలు, టీఎస్ఏ (రవాణా భద్రత చూసే ఫెడరల్ సంస్థ) బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటాయి, టైము పడుతుంది. ఇద్దరిలో ఒక్కరికే ఉంటే ఆ లోడ్లు టీమ్‌గా చేయలేరు, అవేమో కాస్త మంచి డబ్బులొచ్చే లోడ్లు.

క్యారియర్ ఓరియంటేషన్‌కి నా మార్కులు నాలుగు. డ్రగ్ టెస్టు, రోడ్డు టెస్టు, సరుకు కట్టే పద్ధతి, లోడ్లు వచ్చే టాబ్లెట్ వాడకం. బాగానే నేర్పారు. సరుకు కదలకుండా అడ్డుపెట్టే లోడ్ బార్ల మీద, దుప్పట్ల మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు నిద్ర మీద పెట్టలేదు. ఈ ఉద్యోగంలో అసలు సబ్జెక్టు అదే.

మొదట రిక్రూటర్ మాతో మాట్లాడిందంతా పర్సెంటేజీ గురించే. మేము ట్రక్కు చూడ్డానికి వెళ్తే ఓనర్ ఇంజను చూపించాడు, టైర్లు చూపించాడు, సరుకు ఎక్కించి దించే లిఫ్ట్‌గేట్ దించి చూపించాడు. అవన్నీ ఉత్తమంగానే ఉన్నాయి, అబద్ధం చెప్పకూడదు. మా ఆయన బానెట్ కింద తల పెట్టి ఉండగా నేను చెప్పులు విప్పేసి వెనక బెర్తు మీద పడుకున్నాను. ఓనర్ వింతగా చూశాడు. చూస్తే చూశాడు. నేను అందులో రోజుకి పది గంటలు ఉండాలి, ఇంజనులో కాదు.

రూలు ప్రకారం బెర్తు 75 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు, పరుపు పైన 24 అంగుళాల ఎత్తు ఉంటే చాలు. అంటే మన రైల్లో సైడ్ లోయర్ లాంటిదానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది. మా ట్రక్కులో ఉన్నది అంతకన్నా బాగా వెడల్పే, పైన ఇంకో మడత బెర్తు ఉంది, సామాను దాని మీద పెట్టుకుంటాం. కంపెనీ ఇచ్చిన పరుపు మాత్రం పేరుకే పరుపు. రెండో వారం అది తీసేసి మేమే మంచి ఫోమ్ పరుపు కొనుక్కున్నాం. ఈ పనిలో మేం పెట్టిన ఖర్చుల్లో దానంత సార్థకమైంది లేదు. పరుపు వెడల్పు, పొడవు టేపుతో కొలిచి వెళ్లండి, ఇంటి సైజులు సరిపోవు. బెర్తుకి బెల్టో వలో ఉండాలని కూడా రూలు. అది ఉందా, దాని కొక్కేలు పనిచేస్తున్నాయా చూడండి. మా ట్రక్కులో వల ఉంది, ఒక కొక్కెం విరిగి ఉంది. అడగ్గానే మార్చారు.

నడుస్తున్న బండిలో నిద్రపట్టడం వేరే విద్య. మిషిగన్ రోడ్ల అతుకుల మీద వెన్ను అదురుతుంది. లూసియానాలో ఐ-10 మీద అచాఫలాయ చిత్తడి నేలల పైనుంచి 18 మైళ్ల వంతెన ఉంది, దాని మీద ఠక్ ఠక్ మని ఒకే తాళం, వింటూ వింటూ నిద్రపోవచ్చు, నాకు అది హాయి. మా ఆయనకి అదే పడదు. ఇవి అలవాటవుతాయి. అలవాటు కానిది ఒక్కటే, నడిపేవాళ్ల మీద నమ్మకం లేకపోవడం. పక్కవాడు గట్టిగా బ్రేకు వేసిన ప్రతిసారీ బెర్తులో మనిషి లేచి కూర్చుంటే ఆ టీమ్ నిలవదు. మా ఆయన కారులో తొందర మనిషి. ట్రక్కులో మాత్రం ముందు బండికి బోలెడు దూరం ఇస్తాడు, ఎందుకంటే వెనక నేనున్నాను, లేచానంటే ఊరుకోను. పరిచయం లేని ఇద్దరిని కలిపి టీమ్ కట్టే ఏర్పాటు కూడా ఈ రంగంలో ఉంది. కుర్రాళ్లు ఎవరైనా అలా చేరేటట్టయితే ముందు ఆ మనిషి నడుపుతుండగా ఒక రాత్రి పడుకుని చూడండి. జీతం కన్నా అది ముందు తేలాలి.

మేము పంచుకున్నది ఇలా: మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి వరకు ఆయన, అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం వరకు నేను. మధ్యలో భోజనాలు, డీజిలు పోగా ఒక్కొక్కరికీ 11 గంటలు దాటదు. ఇంకో సంగతి, 2020 సెప్టెంబరు నుంచి ఒక వెసులుబాటు వచ్చింది. పది గంటల విశ్రాంతిలో ఏడు గంటలు వరసగా బెర్తులో ఉంటే, దానికి ముందో వెనకో మూడు గంటలు నడుస్తున్న బండిలో పక్క సీట్లో కూర్చున్నా విశ్రాంతి కిందే లెక్క. మేమిద్దరం మొగుడూ పెళ్లాల్లా మాట్లాడుకునేది ఆ కాస్త సేపే. వేసవిలో మా అత్తగారు తెనాలి నుంచి పొద్దున్న తొమ్మిదింటికి ఫోన్ చేస్తే మాకు రాత్రి పదకొండున్నర, నేను అప్పుడే లేచి పక్క సీట్లోకి వచ్చి ఉంటాను. "ఇంకా పడుకోలేదా అమ్మాయ్" అంటుంది. "ఇప్పుడే లేచానత్తయ్యా" అంటే ఆవిడకి ఇప్పటికీ అర్థం కాదు.

ఎక్కువమంది కొత్తవాళ్లని దెబ్బతీసేది నడపడం కన్నా ఆగి ఉండటం. లోడు దింపాక తర్వాతి లోడు గంటలో రావచ్చు, రెండు రోజులకి రావచ్చు. ట్రక్ స్టాపులో ఆగి ఉన్నప్పుడు ఇద్దరికీ పగలు మెలకువగా ఉండాలనిపిస్తుంది. కబుర్లు, వాకింగు, ఫోన్లో సీరియల్. రాత్రి తొమ్మిదింటికి టాబ్లెట్ మోగుతుంది, 900 మైళ్లు, గంటన్నరలో ఎక్కించుకోవాలి. చట్టప్రకారం ఇద్దరికీ నిండుగా గంటలున్నాయి, ఒళ్లు చూస్తే ఇద్దరికీ నిద్ర ముంచుకొస్తోంది. నడిపిన గంటలు లెక్కపెట్టే ఈఎల్‌డీ అనే యంత్రానికి మీరు పడుకున్నారో సీరియల్ చూశారో తెలియదు. అందుకని బండి ఆగి ఉన్నా మా షిఫ్టులు మారవు. పగలు నేను కర్టెన్ వేసుకుని పడుకుంటాను, లోడున్నా లేకపోయినా. చుట్టుపక్కల డ్రైవర్లు నన్ను బద్ధకస్తురాలినని అనుకుంటే అనుకోనీ.

దీనికి సంబంధించే ఓనర్‌కి ఒక నక్షత్రం ఎక్కువ ఇస్తున్నాను. అలసటగా ఉంది, ఈ లోడు వద్దు అన్నప్పుడు ఇంతవరకు ఒక్క మాట అనలేదు. కొందరు ఓనర్లు వెంటనే ఫోన్ చేసి సాధిస్తారని మిగతా టీమ్‌లు చెప్తుంటే విన్నాం. లోడ్లు కాదంటే క్యారియర్ దగ్గర మన అంగీకార శాతం తగ్గుతుంది, దాని బాధ ఓనర్‌కీ ఉంటుంది. ఉన్నా నోరెత్తలేదు.

ఇక కాంట్రాక్టు. మాది 40-60. సరుకు రవాణాకి వచ్చిన దాంట్లో 40 శాతం మా ఇద్దరికీ కలిపి, 60 ఓనర్‌కి, డీజిలు ఓనర్‌దే. డీజిలు డ్రైవర్లే పెట్టుకుని 60 శాతం తీసుకునే పద్ధతి కూడా ఉంది. వినడానికి అది ఎక్కువనిపిస్తుంది కానీ ఖాళీగా తిరిగే మైళ్ల భారం మీ మీద పడుతుంది. ఫ్లోరిడాలో దింపారనుకోండి, అక్కణ్ణుంచి బయటికి మంచి లోడు దొరకడం కష్టం, జార్జియా దాకా ఖాళీగా రావాల్సొస్తే ఆ డీజిలు ఎవరిది? మొదటి ఏడాది ఆ జూదం మనకెందుకని 40 తీసుకున్నాం. రిక్రూటర్ చెప్పే ఏడాది రాబడి ఎప్పుడూ ట్రక్కు మొత్తానికి వచ్చేది. అందులో టీమ్ వాటా ఎంత, ఆ వాటాలో సగం ఎంత అని అక్కడికక్కడే అడగండి. లోడుకి 2,000 డాలర్లు అంటే మాకు 800, మనిషికి 400, దానికి పన్నులు ఇంకా కట్టలేదు.

పన్నుల గురించి చాలామందికి తెలియదు. మాకు జీతం చీటీ రాదు, 1099 వస్తుంది, అంటే ఉద్యోగులకి కాకుండా కాంట్రాక్టు మీద చేసేవాళ్లకి ఇచ్చే పన్ను ఫారం. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ 15.3 శాతం, దాని మీద ఇన్‌కమ్ టాక్స్. ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి నెలల మధ్యలో మనమే అంచనా వేసి కట్టాలి. ఊరట ఏమిటంటే ఇంటికి దూరంగా ఉన్న ప్రతి రోజుకీ భోజన ఖర్చు కింద పర్ డియెమ్ లెక్క రాసుకోవచ్చు. 2024 అక్టోబరు నుంచి అది రోజుకి 80 డాలర్లు, అందులో 80 శాతం పన్ను లెక్కలో ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. ఇంటికొచ్చిన తేదీలు, వెళ్లిన తేదీలు క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవాలి.

ఇంకో కిటుకు. క్యారియర్‌కీ ఓనర్‌కీ మధ్య జరిగే లీజుకి ఫెడరల్ నిబంధనలున్నాయి. లోడు దింపిన కాగితాలు అందిన 15 రోజుల్లో డబ్బివ్వాలి, లీజు ముగిస్తే ఎస్క్రో డబ్బు (క్యారియర్ దగ్గర ఉంచిన డిపాజిట్) 45 రోజుల్లో తిరిగివ్వాలి. ఆ రక్షణ ట్రక్కు ఓనర్‌కి రాసింది. ఓనర్‌కీ మనకీ మధ్య ఉన్న కాగితంలో ఏం రాసుకుంటే అదే. అందుకని ఎప్పుడు డబ్బిస్తారు, ఏ ఖర్చులు కోస్తారు, మానేస్తే డిపాజిట్ ఎన్నాళ్లకి వస్తుంది, లేఓవర్ డబ్బులో (ఆగి ఉన్నందుకు ఇచ్చేది) మా వాటా ఎంత, అన్నీ రాయించుకోండి. లెక్కలు చూసేది ఓనర్ భార్య. మేము ఓనరమ్మ అంటాం. ప్రతి శుక్రవారం డబ్బు పడుతుంది, ఏ లోడుకి ఎంత వచ్చిందో క్యారియర్ ఇచ్చిన కాగితం నకలుతో సహా పంపుతుంది. నకలు పంపని ఓనర్ దగ్గర చేరొద్దు. చిన్న విషయం కానీ అడగాల్సింది ఇంకోటి ఉంది, డీజిలు కొట్టించినప్పుడు లవ్స్, పైలట్ లాంటి ట్రక్ స్టాపుల్లో షవర్ పాయింట్లు వస్తాయి. అవి ఎవరి కార్డు మీద పడతాయి? మా కార్డు మీదే పడతాయి. ఆడదాన్ని, నాకు రోజూ స్నానం కావాలి, దీన్ని నేను జీతంలో భాగంగానే చూస్తాను.

పోయిన ఒకటిన్నర నక్షత్రాల సంగతి. మొదటిది, బెర్తు హీటర్. జనవరిలో, ఇండియానాలో, రాత్రి అది ఆగిపోయింది. ఇంజను ఆన్‌లో పెట్టి వేడి చేసుకోమన్నాడు ఓనర్. ఆ డీజిలు ఖర్చు ఆయనదే, అందులో మాకు నష్టం లేదు. కానీ ఇంజను పెట్టి పడుకుంటే నిద్ర వేరు, హీటర్‌తో పడుకుంటే నిద్ర వేరు, పైగా చాలా ఊళ్లలో ఆగిన బండి ఇంజను నడపనివ్వరు. కాలిఫోర్నియాలో అయితే ఐదు నిమిషాలే. అదే టర్బో పాడైతే ఆ పూటే షాపుకి పంపేవాడు, హీటర్ మాత్రం "ఈసారి ఇంటికొచ్చినప్పుడు చూద్దాం" అయింది. బండి ఆగితే డబ్బు ఆగుతుందని అందరికీ తెలుసు. నిద్ర ఆగినా డబ్బు ఆగుతుందని ఆయనకి నచ్చజెప్పడానికి నాలుగు ఫోన్లు పట్టాయి.

మిగతా సగం ఇన్వర్టర్‌కి. ఉన్నది చిన్నది. దాని మీద బుల్లి రైస్ కుక్కర్ నడుస్తుంది, ఇండక్షన్ పొయ్యి పెడితే కూస్తుంది. అందుకని అన్నం, పప్పు కుక్కర్‌లో, తాలింపు మాత్రం ఇంటి దగ్గరే వేయించి సీసాలో పోసుకుని తెచ్చుకుంటాను. కందిపొడి, గోంగూర, ఆవకాయ, నెయ్యి, పెరుగు తోడుకి ఒక గిన్నె. బండి నడుస్తున్నప్పుడు వండటం లేదు, ఇది మా ఇంటి రూలు. ఓక్లహామాలో సేయర్ దగ్గర ఐ-40 మీద పంజాబీ ధాబా ఉంది, అటు వెళ్తే పరోఠాలు అక్కడే. పంజాబీ డ్రైవర్లు ఈ దేశపు రోడ్ల మీద తిండి ఏర్పాటు చేసుకున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది. మనవాళ్ల ఇడ్లీ బండి ఒక్కటి ఎక్కడా తగల్లేదు.

ఎవరికి చెప్తాను ఈ పని? పిల్లలు చిన్నవాళ్లైతే చెప్పను. మూడు నాలుగు వారాలకోసారి ఇంటికి రావడం పిల్లలున్న ఇంటికి కుదరదు. ఒకరంటే ఒకరికి ఇప్పటికే చిరాకున్న జంటకి అసలు చెప్పను, క్యాబిన్‌లో అలిగి వెళ్లడానికి రెండో గది లేదు. చేతిలో మూడు నెలల ఇంటి ఖర్చు లేకుండా దిగొద్దు, డిసెంబరు చివర ఫ్యాక్టరీలు మూతపడతాయి, అప్పుడు లోడ్లు ఉండవు. ఇవి దాటినవాళ్లకి మాత్రం ట్రక్కు కొనే ముందు ఓనర్ దగ్గర ఒక ఏడాది చేయమనే అంటాను. ఇది మనకి పడుతుందో లేదో వాళ్ల బండి మీద తేల్చుకోవచ్చు.

ఈమధ్య కాంట్రాక్టు తిరగరాసేటప్పుడు ఒక లైను చేర్పించాం: బెర్తు హీటర్ గానీ ఏసీ గానీ పాడైతే 48 గంటల్లో బాగుచేయించాలి, లేకపోతే ఆ రాత్రుల మోటెల్ ఖర్చు ఓనర్‌ది. ఓనరమ్మ చదివి వెంటనే సంతకం పెట్టింది. ఇన్వర్టర్ సంగతి ఇంకా బేరంలోనే ఉంది, సగం డబ్బు మేము పెట్టుకుంటామని మా ఆయన అంటున్నాడు, నేను ఒప్పుకోలేదు.